అరసవల్లి దెబ్బ, నౌపడ గుర్రం

నాకు చిన్నప్పటి నుంచీ ఒక సందేహం ఉంది. పరశురాములవారు తన తండ్రిని చంపినవాళ్ళ మీద పగ తీర్చుకోవడానికి ఇరవై ఒక్క మార్లు భూమండలం చుట్టి రాజులందరినీ వెతికి వెతికి సంహరించారని పురాణం. అందులో నాకు అనుమానం లేదు. అయితే అంత హడావిడిలో పొరపాటున ఒక్కడైనా వేరేవాడు పోయి ఉండడా? రాజుగారికి గొడుగు పట్టుకుని పక్కన నిలబడ్డవాడో, దారి చెబుదామని ఎదురొచ్చినవాడో?

నరసన్నపేటలో పురాణం చెబుతున్న శాస్త్రిగారిని సభలో లేచి ఈ సంగతి అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "కూర్చో నాయనా" అన్నారు. నేను కూర్చున్నాను. సందేహం కూర్చోలేదు. మా ఆవిడ తాయారు మాత్రం, "ఎప్పుడో పోయినోడి గొడవ నీకేటి గానీ, అక్కడ పులిహోర అయిపోతన్నాది, బేగి ఎల్లు" అంది. వెళ్ళాను. అప్పటికే అయిపోయింది.

ఇలాంటి సందేహాలు మా బావ గంగులుకి లేవు. ఆయన తాయారుకి స్వయానా అన్న. నౌపడ దగ్గర మా ఊళ్ళో ఆయనకి ఉప్పు మడులున్నాయి, ఒక పగ ఉంది. మడులు తాత ఇచ్చినవి. పగ స్వార్జితం.

పదేళ్ళు దాటిన మాట. రథసప్తమి నాడు బావ అరసవల్లిలో తలనీలాలు ఇచ్చి, గుండుకి గంధం రాసుకుని, తెల్లటి తువ్వాలు భుజాన వేసుకుని దర్శనం లైనులో కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ఆదిత్యహృదయం సగంలో ఉండగా పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి ఆయన ఎడమ చెంప మీద పడింది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఇంకో గుండు, ఆ గుండు మీదా గంధమే. ఆ గుండు "అయ్యయ్యో" అని, అన్ని వేల గుండ్లలో కలిసిపోయింది. ఉప్పు కుప్పలో జారిపోయిన ఉప్పు గల్లుని వెతకడం ఇంతకంటే సులువు.

ఆ దెబ్బ తిరిగి ఇచ్చేదాకా ఎడమ చెంప గీయించుకోనని బావ అక్కడికక్కడే సూర్యనారాయణమూర్తి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాడు. అప్పటి నుంచి ఆయనకి ఎడమవైపు గడ్డం, కుడివైపు నున్నటి బుగ్గ. మంగలి సగం పనే కదా అని తగ్గించలేదు. సగమే గీయడం ఎక్కువ కష్టమన్నాడు.

మా ఊరివాళ్ళం దీన్ని చాలా గౌరవంగా తీసుకున్నాం. అప్పటిదాకా మా ఊరికి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఉప్పు ఉందిగానీ, కూరలో పడనప్పుడు తప్ప ఉప్పు గురించి ఎవరూ మాట్లాడరు. బావ పగ పట్టాక, చుట్టాలొస్తే మడులు చూపించడం మానేసి బావని చూపించసాగాం. "ఈయన మా గంగులు. పగ ఉన్నాది" అని చెబితే, వచ్చినవాళ్ళు లేచి నమస్కారం పెట్టేవారు. మా ఊరి పెళ్ళి సంబంధాల్లో రెండు ఆ పరపతితోనే కుదిరాయి.

ఇబ్బందల్లా ఒక్కటే. బావకి శత్రువు మొహం గుర్తులేదు. గుర్తున్నది గుండు. అందుచేత గుండుతో ఎవడు కనబడ్డా నిలబెట్టి ప్రశ్నించేవాడు. జవాబు చెప్పడంలో తడబడితే కొట్టేవాడు. తిరుపతి వెళ్ళొచ్చినవాళ్ళు చుట్టాలిళ్ళలో దాక్కుని, జుట్టు మొలిచాక ఊళ్ళోకి వచ్చేవారు. మొక్కులు తగ్గలేదుగానీ, మొక్కిన దేవుణ్ణి మార్చి, తలనీలాలు అడగని దేవుడికి ముడుపు కట్టుకునేవారు.

నేను ఉండబట్టలేక ఒకసారి అడిగాను. "బావా, ఎప్పుడో గుండు చేయించుకున్నవాడికి ఈపాటికి జుట్టు వచ్చి ఉండదా?"

బావ నాకేసి జాలిగా చూశాడు. "వస్తాది. వచ్చినోడ్ని నానెలా గుర్తు పడతాను? అందుకే గుండోల్లలోనే ఎతుకుతన్నాను. నీకు సదువుంది గానీ బావా, ఇవరం లేదు."

బాప్టిస్టు చర్చి పెద్ద జ్ఞానానందం మాస్టారికి మొక్కులతో పని లేదు. ఆయనది పుట్టు బట్టతల. అరసవల్లి లైనులో ఆయన ఎందుకుంటారని ఎవరికీ తట్టలేదు, బావకి అసలే తట్టలేదు. ఒక దెబ్బ వేశాడు. మాస్టారు తమ గ్రంథంలో చెప్పిన ప్రకారం శాంతంగా రెండో చెంప చూపించారు. "సూసినారా! తప్పు సెయ్యనోడు రెండోది సూపిస్తాడేటి?" అని బావ దానిమీద కూడా ఒకటి వేశాడు. మాస్టారికి మూడో చెంప లేకపోవడంతో విచారణ ఆగింది. మర్నాడు బావ వెళ్ళి తప్పైపోయిందన్నాడు. మాస్టారు క్షమించి, ఆ రోజు నుంచి ఎండలోనూ నీడలోనూ మంకీ టోపీ పెట్టుకు తిరుగుతున్నారు.

పరిస్థితి ఇంత క్రమశిక్షణగా సాగుతుండగా, పోయిన మాఘమాసంలో మా ఊరికి సినిమా వచ్చింది.

డైరెక్టరు త్రినాథ్‌ది విజయనగరం. అప్పటిదాకా సెల్‌ఫోనులో పొట్టి సినిమాలు తీసి, ఈసారి నిజం కెమెరా అద్దెకి తెచ్చాడు. సినిమా పేరు 'పగకి గుర్రం కావాలి'. పెద్ద టోపీలు, తోలు బూట్లు, నడుముకి పిస్తోళ్ళు, గుర్రాలు, అంటే కౌబాయిల సినిమా. అయితే హాస్యం. అమెరికా వెళ్ళడానికి డబ్బు చాలక, నౌపడ ఉప్పు మడులు చూసి, "ఇదే అమెరికా" అని నిర్ణయించాడు. మాకు ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

సర్పంచి లక్ష్మణమ్మగారు వెంటనే గ్రామసభ పెట్టి, మా ఊరు నెలరోజులపాటు అమెరికాగా ఉండడానికి ఏకగ్రీవంగా తీర్మానం చేశారు. అమెరికాలో ముళ్ళచెట్లు ఉంటాయని డైరెక్టరు అన్నాడు. మడుల గట్ల మీద నాగజెముడుని పోయినేడు కూలి ఇచ్చి పీకించాం. ఈ ఏడు కూలి ఇచ్చి నాటించాం. ఉప్పు కుప్పలు మంచు కొండలయ్యాయి. కరెంటు స్తంభాలు కనబడకుండా వాటి ముందు కుర్రాళ్ళని నిలబెట్టారు. ఆ కుర్రాళ్ళు కనబడకుండా ఏం చెయ్యాలో తెలియక, వాళ్ళని శిలువలన్నారు. జ్ఞానానందం మాస్టారికి నచ్చలేదు. అప్పుడు దిష్టిబొమ్మలన్నారు.

కథ త్రినాథ్ మా అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు. టోపీ పెట్టుకున్నవాడొకడు హీరో తండ్రిని చెంపదెబ్బ కొట్టి పారిపోతాడు. మొదట చంపేస్తాడనే రాసుకున్నాడుగానీ, నెత్తురుకి ఖర్చవుతుందని మార్చాడు. హీరోకి తెలిసిందల్లా ఆ టోపీ. ఆ దేశంలో అందరికీ అదే టోపీ. ఐదుగురిని పొరపాటున కొట్టి, ఆరోవాడిని కొడతాడు.

అంతా విన్నాక త్రినాథ్ నవ్వుల కోసం ఆగాడు. ఎవరూ నవ్వలేదు.

"ఇందులో నవ్వడానికేటున్నాది?" అన్నారు లక్ష్మణమ్మగారు. "ఇది మా గంగులు కత కాదేటి?"

వెనకాల నిలబడ్డ బావని, ఆయన అర గడ్డాన్ని చూసి త్రినాథ్ కుర్చీలోంచి లేచిపోయాడు. హీరోగా విశాఖపట్నం నుంచి రావలసిన కుర్రాడికి ఆ సాయంత్రమే రావద్దని ఫోను చేశాడు. అలా మా బావ హీరో అయ్యాడు. పగ విషయంలో అనుభవం ఉన్నవాళ్ళకి మా ప్రాంతంలో అవకాశాలు తక్కువ అనే మాట ఇక చెల్లదు.

గుర్రం కూడా విజయనగరం నుంచే వచ్చింది. తెల్లగా, ఠీవిగా ఉంది. పేరు శోభన్. అది పెళ్ళి ఊరేగింపుల గుర్రం. దాని చదువంతా అందులోనే సాగింది కాబట్టి బ్యాండు మేళం మోగితే నడుస్తుంది, ఆగితే ఆగుతుంది. మేళం ఎంత జోరుగా మోగినా నడక మాత్రం ఊరేగింపు నడకే. మరో గుర్రానికి డబ్బు లేదు. కనుక హీరో శత్రువుని తరిమే ప్రతి ఘట్టంలోనూ, కెమెరాకి అందకుండా, మా ఊరి బ్యాండువాళ్ళు గట్టు కింద వంగి వాయిస్తూ నడిచారు. శత్రువులుగా వేసినవాళ్ళని పరిగెత్తవద్దని, పరిగెత్తితే గుర్రం అందుకోలేదని త్రినాథ్ ముందే హెచ్చరించాడు. వాళ్ళు ప్రాణభయంతో నెమ్మదిగా నడిచేవారు.

టోపీలు కుట్టినాయన గణపతిరావు. నాటకాలకి వేషాలు అద్దెకిచ్చే దుకాణం ఆయనది. కిరీటాలు చేసే అట్టతోనే మా ఊరు ఊరంతటికీ సరిపడా కౌబాయి టోపీలు చేసి, వ్యానులో వేసుకుని, వెంట వాళ్ళమ్మ కూర్మమ్మగారిని కూడా తీసుకుని వచ్చాడు. ఇంట్లో ఆవిడని చూసేవాళ్ళు లేరట. ఆవిడ ఒక ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని టోపీలకి రిబ్బన్లు కుడుతూ ఉండేది.

గణపతిరావు మా ఊళ్ళో దిగినది మొదలు టోపీ తీయలేదు. తాను చేసిన సరుకుని తానే నమ్మి ధరించాడని అందరం మెచ్చుకున్నాం. నాలుగో రోజు మధ్యాహ్నం ఎండకి తట్టుకోలేక టోపీ తీసి తుడుచుకున్నాడు. కింద నున్నటి గుండు.

బావ అప్పుడు గుర్రం మీద, రెండు మడుల అవతల ఉన్నాడు. చూశాడు. ఇన్నేళ్ళలో ఎన్నో గుండ్లు చూసినవాడు, ఈసారి మాత్రం జీను మీద లేచి నిలబడ్డాడు. ఎడమ చెవి వెనక ఉన్న ఆ పుట్టుమచ్చ ఆయనకి ఆ క్షణంలో గుర్తొచ్చిందట. పిస్తోలు తీశాడు, అది చెక్కది. పారేశాడు. గుర్రాన్ని మడమలతో పొడిచాడు. శోభన్ కదల్లేదు. అది మేళంవాళ్ళ భోజనాల వేళ.

"ఒరే, వాయించండ్రా!" అని అరిచాడు బావ. "నా పగోడు దొరికినాడ్రా! బేగి వాయించండ్రా!"

బ్యాండువాళ్ళు చేతులైనా కడుక్కోకుండా వచ్చి, వాళ్ళకి బాగా వచ్చిన పెళ్ళి పాట ఎత్తుకున్నారు. శోభన్ మెడ విదిల్చి బయలుదేరింది. ఒక్కో అడుగూ వేస్తూ, మధ్యలో ఆగి రెండు గిరికీలు కొడుతూ, పళ్ళు నూరుతున్న బావని మోసుకుని శత్రువు వైపు సాగింది. అలవాటు చొప్పున ఎవరో పూలు కూడా జల్లారు. దిగి పరిగెత్తమని నేను కేక వేశాను. "ఈరుడు గుర్రం దిగుతాడేటి?" అన్నాడు బావ. వేషం వేసిన నాలుగు రోజులకే మా బావకి ఆ పద్ధతులన్నీ పట్టుబడ్డాయి.

ఆ గుర్రం చేరేలోగా గణపతిరావుకి ఆలోచించుకోవడానికి బోలెడు సమయం దొరికింది. ఆయన పారిపోలేదు. పగోడన్న కేక విని, బావ అర గడ్డాన్ని మనసులోనే గీసేసి, కళ్ళు చికిలించి చూసి, టోపీ చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించి ఎదురు నడిచాడు.

"బాబూ, అరసవల్లిలో ఆ రోజు లైనులో ఉన్నది మీరేనా? మీకోసం ఏటేటా రథసప్తమికి వచ్చి వెతుకుతున్నానండి. పొరపాటున మిమ్మల్ని కొట్టిన పాపానికి ఏటేటా గుండు చేయించుకుంటున్నానండి."

మేళం ఆగింది. గుర్రం ఆగింది.

గణపతిరావు చెప్పిన సంగతి ఇది. ఆ రోజు లైనులో వాళ్ళమ్మ కూర్మమ్మగారు ముందు నిలబడి ఉంది. తెల్లారకముందే వచ్చి సంపాదించుకున్న చోటు. అప్పుడు ఒక పెద్దమనిషి గుండుతో, గంధంతో, అనుచరులతో వచ్చాడు. ఆ అనుచరులు దారిలో ఉన్నవాళ్ళని కేకలేసి తప్పించారు. పెద్దమనిషి మోచేత్తో ఆవిడ పక్కటెముకల్లో ఒక్క పోటు పొడిచి, పక్కకి గెంటి, ఆవిడ చోట్లో తాను నిలబడ్డాడు. ఆవిడ పడిపోయింది. దర్శనం లేకుండానే ఇంటికి తీసుకుపోవలసి వచ్చింది. కొడుకు ఆ పెద్దమనిషిని కొట్టడానికి చెయ్యెత్తాడు. చెయ్యి దిగేలోగా ఆయన చేతిలో ఫోను జారిపడితే వంగాడు. ఆయన వెనకాల మా బావ చెంప ఉంది.

"మరి ఆడెవడు?" అన్నాడు బావ.

"తెలీదండి. మొహం చూసేలోగా వెళ్ళిపోయాడు. అమ్మ ఆ తర్వాత అరసవల్లి రానంది. 'నా సోటు నాకిస్తే వస్తాను, అడుక్కుని రాను' అంటాది. మీ దెబ్బ మీరు కొట్టెయ్యండి బాబూ. నా ఒక్క బాకీ అయినా తీరిపోతుంది." అని చెంప చూపించి కళ్ళు మూసుకున్నాడు.

బావ చెయ్యెత్తాడు. త్రినాథ్ కెమెరా తిప్పాడు. అప్పుడు మధ్యలోకి లక్ష్మణమ్మగారు వచ్చారు.

"ఆగండి. టోపీలోడ్ని కొడితే టోపీలు పట్టుకుని ఎలిపోతాడు. టోపీలు లేకపోతే సినిమా లేదు. సినిమా లేకపోతే మనం మళ్ళీ ఉప్పు కొఠార్ల ఊరోలమే. ఈలిద్దరికీ నేస్తరికం కట్టీసీయండి."

తెలియనివారి కోసం చెబుతున్నాను. మా వైపు ఇద్దరు మనుషుల్ని పెద్దల సమక్షంలో కూర్చోబెట్టి, తువ్వాళ్ళు మార్పించి, ఒకరి నోట్లో ఒకరిచేత బెల్లం పెట్టించి నేస్తం కడతారు. కట్టాక ఇక పేరు పెట్టి పిలవకూడదు, నేస్తం అనాలి. చెయ్యెత్తకూడదు. నేస్తం తల్లి మన తల్లి, నేస్తం బాకీ మన బాకీ. రక్తసంబంధంలో కోర్టుకి వెళ్ళవచ్చుగానీ, నేస్తరికంలో వెళ్ళకూడదు. ప్రేమ కోసం పెద్దలు పెట్టిన ఈ ఆచారాన్ని షూటింగు ఆగకుండా వాడుకోవచ్చని కనిపెట్టినది మాత్రం లక్ష్మణమ్మగారే. పరిపాలన అంటే అది.

బావ గింజుకున్నాడు. "ఇన్నేళ్ళు మోసినానే! ఇప్పుడు బెల్లంముక్క ఎట్టి ఊరుకోమంతారా?" అన్నాడు. తాయారు వెళ్ళి అన్నగారి చెవిలో, "ఒరే అన్నియ్యా, ఆ ముసలమ్మ మొకం సూడరా. నీ సెంప ఆ రోజే సల్లారిపోనాది, ఆవిడ ఇంకా లైను బయటే ఉన్నాది" అంది. బావ స్టూలు మీద కూర్చున్న కూర్మమ్మగారికేసి చూశాడు. ఆవిడ సూది పళ్ళమధ్య పట్టుకుని ఈయనకేసి చూస్తోంది. బావ నోరు తెరిచాడు. గణపతిరావు బెల్లం పెట్టాడు.

ఆ రాత్రి బావ అన్నం తినలేదు. పగ పోయిన మనిషి ఇల్లు ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. చుట్టాలు వచ్చినా ఎవరూ ఆయన్ని చూపించలేదు. మర్నాడు మడులు చూపించారు.

ఆఖరి రోజు ఆఖరి ఘట్టం వచ్చింది. ఆరో టోపీవాడిని హీరో చెంపదెబ్బ కొట్టాలి. ఆ వేషం తాను వేస్తానని గణపతిరావు ముందుకొచ్చాడు. "ఇలాగైనా మీ దెబ్బ మీకు చేరుతుంది నేస్తం" అన్నాడు.

"నేస్తాన్ని కొడితే కళ్ళు పోతాయి. నానొల్లను" అన్నాడు బావ.

కెమెరా తిరిగినంతసేపూ గంగులు గంగులు కాదని లక్ష్మణమ్మగారు తీర్పు చెప్పారు. మరి ఎవరని బావ అడిగాడు. జాన్ అన్నాడు త్రినాథ్. "జాన్ మా గ్రంథంలో ఎవరినీ కొట్టలేదండీ" అన్నారు జ్ఞానానందం మాస్టారు మంకీ టోపీ మీద కౌబాయి టోపీ సర్దుకుంటూ. ఈ చర్చ పొద్దు బాగా ఎక్కేదాకా సాగింది. అంతలో మూడు కార్లు గట్టెక్కాయి.

వచ్చినవారు వైకుంఠరావుగారు. ఫ్లెక్సీల మీద ఆయన పేరుకి ముందు 'కాబోయే ఎమ్మెల్యే' అని ఉంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన కాబోయేవారే. అందుచేత మేమంతా ఆయన్ని కాబోయేగారని పిలుస్తాం. మాజీ అయితే ఒకప్పుడు ఏదో చేయలేదని అడగవచ్చు. తాజా అయితే ఇప్పుడు చేయడం లేదని అడగవచ్చు. కాబోయేవారిని ఏమీ అడగలేం. రాజకీయాల్లో అంత నిష్కళంకమైన జీవితం అరుదు. ఆ ఉదయమే తిరుపతి నుంచి దిగారు. తల మీద తువ్వాలు ఉంది.

మైకు ఇచ్చారు. "నేను ఈ ప్రాంతం ఉప్పు తిన్నవాణ్ణి" అని మొదలుపెట్టారు. "ఇక్కడ ఉప్పు ఉంది. ఉప్పు ఉన్నచోట చెమట ఉంది. చెమట ఉన్నచోట కళ ఉంది. నన్ను ఆశీర్వదిస్తే ప్రతి మడికీ ఒక కెమెరా, ప్రతి ఇంటికీ ఒక గుర్రం ఇప్పిస్తానని ఈ అమెరికా గడ్డ మీద మాట ఇస్తున్నాను!"

మేం చప్పట్లు కొట్టాం. అలవాటు. బ్యాండువాళ్ళు కూడా ఉత్సాహపడి రెండు దరువులు వేయడంతో శోభన్ ఊళ్ళోకి బయలుదేరింది. పట్టి తెచ్చారు.

ఉపన్యాసం అయ్యాక కాబోయేగారి చూపు కెమెరా మీద పడింది. "ఇప్పుడు తీసేది ఏమిటి? అందులో ముఖ్యమైన పాత్ర ఏది?"

త్రినాథ్ నీళ్ళు నమిలాడు. "ఇందులో కెమెరా అంతా దెబ్బ తినేవాడి మొహం మీదే ఉంటుందండి. అయితే..."

'అంతా మొహం మీదే' తరవాత చెప్పినవి కాబోయేగారికి వినబడలేదు. తువ్వాలు తీసి అనుచరుడికిచ్చారు. నున్నటి గుండు. ముందుకి నడిచారు. దారిలో స్టూలు మీద కూర్మమ్మగారు ఉంది. ఆవిడని చూడలేదు. చూడకుండానే ఆయన మోచెయ్యి తన పని తాను చేసింది. స్టూలు ఒరిగింది. ఆవిడ ఉప్పులో కూలబడింది. కాబోయేగారు గణపతిరావు నెత్తిమీది టోపీ తీసి తాను పెట్టుకుని, కెమెరా ముందు నిలబడి, పళ్ళికిలించారు.

"ఒరే గణపతీ!" కింద నుంచి కూర్మమ్మగారి గొంతు వినబడింది. "ఈడేరా! మొకం సూళ్ళేదు గానీ ఈ మోసెయ్యి నానెరుగుదును!"

కొడుకు ఆవిణ్ణి లేపుతున్నాడు. రెండోవైపు బావ పట్టుకున్నాడు. "అమ్మా, బాగా సూసి సెప్పు. ఇప్పటికే తప్పు మనుసుల్ని శానామందిని కొట్టీసినాను."

"ఏటి సూసేది నాయినా? పక్కటెముకలు సెప్పతన్నాయి."

బావ లేచాడు. నేస్తం బాకీ మన బాకీ అని ఆయనకి ఎవరూ గుర్తు చేయలేదు. చెయ్యి దులుపుకున్నాడు, ఉప్పు రాలింది. వెళ్ళి కాబోయేగారి ఎదురుగా నిలబడ్డాడు. త్రినాథ్‌కి యాక్షన్ అని చెప్పడం తప్ప వేరే మాట తోచలేదు.

ఆ దెబ్బ గురించి నేను వర్ణించను. నౌపడ స్టేషనులో రైలు కోసం నిలబడ్డవాళ్ళు విన్నామన్నారు. టోపీ ఒక మడిలో, కాబోయేగారు పక్క మడిలో పడ్డారు. అనుచరులు కర్రలెత్తారు.

"అద్భుతం!" అని కేక వేశాడు త్రినాథ్. ప్రాణభయంలో మనిషికి మాటలు బాగా వస్తాయి. "ఇంత సహజమైన నటన నేను చూడలేదు సార్! జిల్లా అంతా మీ మొహమే చూస్తుంది!"

అనుచరుల కర్రలు గాలిలో ఆగాయి. కాబోయేగారు బావ గొంతు కోసం చాచిన చెయ్యిని మెల్లగా తిప్పి, కెమెరాకి నమస్కారం పెట్టారు. "బాగా వచ్చిందా?"

"కళ్ళు మూసేశారు సార్, కొంచెం."

"అయితే ఇంకోసారి తీయండి" అన్నారు కాబోయేగారు, రెండో బుగ్గ తుడుచుకుంటూ.

"నాది అయిపోనాది" అన్నాడు బావ. "మిగతాది ఎవులికి బాకీ ఉంటే ఆలు సూసుకోండి."

ఆ మాటతో ఊరు కదిలింది. హీరో వేషం నేను వేస్తానంటే నేను వేస్తానని, నాగజెముడు తొక్కుకుంటూ వచ్చి టోపీలన్నీ లైను కట్టాయి. రోడ్డు అడిగి విసిగినవాళ్ళు, సంతకం కోసం ఆయన గుమ్మంలో పడిగాపులు కాసినవాళ్ళు, ఫ్లెక్సీకి చందా ఇచ్చి అందులో తన ఫొటో వేయలేదని అలిగినవాళ్ళు. కరెంటు స్తంభాల ముందు దిష్టిబొమ్మలు కూడా డ్యూటీ వదిలి వచ్చేశాయి. జ్ఞానానందం మాస్టారు తాను చూడ్డానికే వచ్చానన్నారుగానీ, నిలబడ్డది నాలుగోవాడిగా. కాబోయేగారు ఈ అభిమానానికి పొంగిపోయి లైనుకి చెయ్యి ఊపారు.

అంతవరకూ బాగానే ఉంది. తరవాత ఎవడో ముందుకి దూరాడు. వాడి వెనక ఇంకొకడు. "మా బావే హీరో", "నాను సర్పంచి మనిసిని", "నాకు రైలు టైమైపోతన్నాది" అని తోపులాట మొదలైంది. పక్కన నిలబడ్డ కూర్మమ్మగారిని ఆ తోపులాట ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకి, అక్కడి నుంచి మడి అంచుకి నెట్టేసింది. ఈసారి నెట్టినవాళ్ళు మావాళ్ళే. ఎవడి మోచెయ్యో చెప్పలేం. టోపీలన్నీ ఒక్కలాంటివి.

బావ చూశాడు. ఒకవైపు ఆయన, ఒకవైపు నేస్తం ఆవిడ చేతులు పట్టుకున్నారు. బావ గొంతెత్తి, పెద్ద మనుషుల ముందు నడిచే కుర్రాళ్ళు వేసే కేక ఒకటి వేశాడు.

"జరగండి! జరగండి! పెద్దోరొస్తన్నారు! దారీయండి!"

లైను నిలువునా చీలింది. ఎవరొస్తున్నారని ఎవరూ అడగలేదు. టోపీలన్నీ ఒక్కసారి తలల మీద నుంచి దిగి చంకల్లోకి వెళ్ళాయి. లక్ష్మణమ్మగారు కొంగు సర్దుకుని వంగారు. అనుచరులు వంగారు. కాబోయేగారు తనకంటే పెద్దవారెవరో వచ్చారని గ్రహించి, కెమెరా ముందు చోటు వదిలి, నాలుగడుగులు వెనక్కి వేసి, ఎర్రటి బుగ్గతో అందరికంటే ఎక్కువగా వంగారు.

కూర్మమ్మగారు తొందరపడలేదు. చీరకి అంటిన ఉప్పు దులుపుకుంటూ, ఆ దారి వెంట నడిచి, ఆ చోట్లో నిలబడింది. ఎదురుగా తెల్లటి మడుల మీద సూర్యనారాయణమూర్తి అడ్డంకి లేకుండా వెలుగుతున్నారు. ఆవిడ చేతులు జోడించి, ఇన్నేళ్ళదీ కలిపి, తీరిగ్గా దర్శనం చేసుకుంది.

అంతసేపూ మాలో ఒక్కరం తలెత్తి చూడలేదు.